పోయిన ఫోన్ ఎక్కడుందో ఎవరు చెప్పగలరు? మొబైల్ షాపు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న రాయగడలో మొబైల్ సేల్స్, సర్వీస్ నా వృత్తి. మజ్జిగౌరి అమ్మవారి జాతర రోజుల్లోనైనా, మామూలు సంత రోజైనా, ఫోన్ పోయినవాళ్ళు థానాకి, అంటే పోలీస్ స్టేషన్‌కి, వెళ్ళేముందు మా కౌంటర్ దగ్గరికి వస్తారు. "బాబూ, నంబరు చెప్తాను, ఎక్కడుందో కొంచెం చూసి చెప్పు" అని అడుగుతారు. మా దగ్గర అలాంటి మిషన్ ఏదీ లేదంటే నమ్మరు. ఉంది కానీ చెప్పడం లేదనుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నంబరు కొడితే లొకేషన్ వచ్చేస్తుంది.

రాదు. "నంబరు ఎంటర్ చేయండి, లైవ్ లొకేషన్ చూడండి" అనే సైట్లు మహా అయితే ఆ నంబరు సిరీస్‌ని మొదట ఏ టెలికాం సర్కిల్‌కి కేటాయించారో చూపిస్తాయి. ఇప్పుడు అది కూడా నమ్మలేం. 2011 నుంచి కంపెనీ మారినా నంబరు అదే ఉంటోంది, 2015 జులై నుంచి రాష్ట్రం మారినా అదే ఉంటోంది. పార్వతీపురంలో సిమ్ తీసుకుని పెళ్ళయ్యాక రాయగడ వచ్చిన అమ్మాయి నంబరు కొట్టి చూడండి, 'ఆంధ్రప్రదేశ్' అనే వస్తుంది. మా ఊళ్ళో సగం ఇళ్ళది ఇదే కథ. ఇక ట్రూకాలర్‌లో కనిపించే పేరు జనం తమ ఫోన్లలో సేవ్ చేసుకున్న పేర్లనుంచి వచ్చినది. ఆ మనిషి ఎక్కడున్నాడో దానికి తెలియదు.

ఈ సైట్లతో అసలు ప్రమాదం వేరే ఉంది. డబ్బు కట్టమంటాయి, లేదంటే ఏదో యాప్ వేసుకుని మెసేజ్‌లు చదివే పర్మిషన్ ఇమ్మంటాయి. ఫోన్ పోయిన టెన్షన్‌లో ఇంట్లో ఉన్న రెండో ఫోన్‌కి వచ్చే ఓటీపీలు కూడా వాళ్ళ చేతికి అప్పగించినట్టవుతుంది.

అపోహ: పైన ఉపగ్రహం మన ఫోన్‌ని చూస్తూనే ఉంటుంది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ సంకేతాలు పంపుతాయి, అంతే. వాటిని విని, లెక్క కట్టి, తానెక్కడుందో తెలుసుకునేది ఫోనే. జయపురం ఆకాశవాణికి ఎవరింట్లో రేడియో మోగుతోందో తెలియనట్టే, ఉపగ్రహానికి మీ ఫోన్ సంగతి తెలియదు. ఫోన్ ఆ లెక్కను నెట్ ద్వారా మీ అకౌంట్‌కి పంపితేనే మీకు కనిపిస్తుంది. నెట్ లేకపోయినా ఫోన్‌కి తన చోటు తెలుస్తుంది, కానీ అది మీదాకా రాదు.

అపోహ: ఫైండ్ మై ఫోన్ యాప్ ముందే వేసుకోలేదు కాబట్టి ఇంక దారి లేదు.

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ అకౌంట్ ఉండి, లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఆ సదుపాయం చాలావరకు తనంతట తానే పని చేస్తుంది. మొన్నటిదాకా 'ఫైండ్ మై డివైస్' అనేవారు, 2025 నుంచి పేరు 'ఫైండ్ హబ్'. ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో ఆ యాప్ తెరిచి, గెస్ట్‌గా మీ జీమెయిల్‌తో లాగిన్ అవ్వండి. మొదట 'ప్లే సౌండ్' నొక్కండి. సైలెంట్‌లో ఉన్నా ఐదు నిమిషాలపాటు గట్టిగా మోగుతుంది. దొంగతనమని కంగారుపడి వచ్చినవాళ్ళ ఫోన్ బయట నిలబెట్టిన స్కూటీ డిక్కీలోంచి మోగడం మా షాపు ముందు మామూలే.

మోగలేదంటే లాక్ చేయండి. తెరమీద ఇంకో నంబరు, చిన్న మెసేజ్ కనిపించేలా పెట్టొచ్చు. అన్నీ చెరిపేసే 'ఎరేజ్' ఆప్షన్ జోలికి మాత్రం తొందరపడి వెళ్ళకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని చెరిపేశాక లొకేషన్ కూడా కనిపించదు. మ్యాప్‌లో చుక్క పక్కన ఉన్న సమయం కూడా చూడాలి. 'గంట క్రితం' అని ఉంటే అది గంట క్రితం మాట. చుక్క చుట్టూ ఉన్న వలయం ఎంత పెద్దదైతే అంచనా అంత వదులు.

ఇన్ని ఉన్నా పని ఎక్కడ ఆగిపోతుందంటే, పాస్‌వర్డ్ దగ్గర. ఫోన్ కొన్న రోజున షాపు కుర్రాడు ఏదో ఒక జీమెయిల్ సృష్టించి, ప్లేస్టోర్ తెరిచి ఇచ్చేస్తాడు. ఆ ఐడీ ఏమిటో యజమానికి తెలియదు, కుర్రాడికి గుర్తుండదు. మా వృత్తిలో ఇది చెడ్డ అలవాటు, నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తున్నాను. నా దగ్గర కొన్నవాళ్ళ చేత వాళ్ళ జీమెయిల్ వాళ్ళ చేతనే టైప్ చేయిస్తాను. ఐడీ, పాస్‌వర్డ్ ఇంట్లో పుస్తకంలో రాసుకోమంటాను. ఫోన్ కవర్ వెనక కాగితం మీద మాత్రం వద్దు. ఇంకో చిక్కుంది. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నవాళ్ళు కొత్త ఫోన్‌లో లాగిన్ అవ్వబోతే కోడ్ పోయిన ఫోన్‌కే వెళ్తుంది. గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు ముందే ప్రింట్ తీసి బీరువాలో పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది.

మా జిల్లాలాంటి చోట ఒక సెట్టింగ్ తప్పకుండా మార్చుకోవాలి. నెట్ లేని ఫోన్‌ని చుట్టుపక్కల ఉన్న ఇతర ఆండ్రాయిడ్ ఫోన్లు బ్లూటూత్ ద్వారా పసిగట్టి గూగుల్‌కి చెప్తాయి. కానీ మామూలుగా అది జనం బాగా తిరిగే చోట్లకే పరిమితమై ఉంటుంది. రాయగడ బజారులో ఫర్వాలేదు, కాశీపూర్ దారిలో పల్లెలో ఎవరు దొరుకుతారు? ఫైండ్ హబ్ సెట్టింగ్స్‌లో 'అన్ని ప్రాంతాల్లో' అని మార్చండి. దీనికి స్క్రీన్ లాక్ ఉండి తీరాలి.

అపోహ: స్విచాఫ్ అయినా పోలీసులకి తెలిసిపోతుంది.

ఆఫ్ అయిన ఫోన్ టవర్‌తో మాట్లాడదు. చివరిసారి ఏ టవర్ కింద ఉందో రికార్డులో ఉంటుంది, అంతే. ఐఫోన్ 11 నుంచి వచ్చిన మోడళ్ళలో చాలావరకు, గూగుల్ పిక్సెల్ 8 నుంచి వచ్చినవాటిలో, ఆఫ్ చేశాక కూడా కొంతసేపు బ్లూటూత్ పని చేసి దొరికే అవకాశం ఉంది. మిగతావాళ్ళు లాక్ తీయకుండా స్విచాఫ్ చేయనివ్వని సెట్టింగ్ తమ ఫోన్‌లో ఉందేమో చూసుకోండి. కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి.

అపోహ: సిమ్ తీసి పారేస్తే, రీసెట్ కొడితే ఫోన్ ఇక దొరకదు.

సిమ్ మారినా, సాఫ్ట్‌వేర్ కొట్టించినా ఫోన్‌కి 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయినప్పుడు టెలికాం కంపెనీకి అది తెలుస్తుంది. *#06# కొడితే తెరమీద కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఉంటాయి, రెండూ రాసి పెట్టుకోండి. బాక్స్ మీద, బిల్లు మీద కూడా ఉంటుంది. బాక్స్ పారేసినా బిల్లు దాచండి.

ఆ నంబరుతో పోయిన ఫోన్‌ని అన్ని నెట్‌వర్క్‌లలో బ్లాక్ చేయడానికి టెలికాం శాఖ పెట్టినదే సీఈఐఆర్. 2019లో మహారాష్ట్రలో ప్రయోగాత్మకంగా మొదలై, 2023 మే నుంచి సంచార్ సాథీ పోర్టల్‌లో దేశమంతటికీ వచ్చింది. అందులో నింపేవి ఇవి: ఐఎంఈఐ నంబర్లు, ఫోన్ మోడల్, ఎక్కడ ఎప్పుడు పోయింది, పోలీసు ఫిర్యాదు నంబరు, కాపీ, మీ గుర్తింపు కార్డు. బిల్లు ఉంటే అదీ జోడించాలి. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో, ఏ జిల్లాలో ఇచ్చారో అదే ఎంచుకోండి. ఆంధ్రా అడ్రస్‌తో ఆధార్ ఉన్నవాళ్ళు ఇక్కడే తికమకపడుతుంటారు. ఓటీపీ కోసం అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ కావాలి. కొత్తగా తీసుకున్న డూప్లికేట్ సిమ్‌కి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. సిమ్ చెడిపోయిందనుకుని మళ్ళీ షాపుకి పరుగెత్తకండి, మోసాల్ని ఆపడానికి పెట్టిన నిబంధన అది.

అప్లికేషన్ ఓకే అయ్యాక మామూలుగా 24 గంటల్లో ఫోన్ బ్లాక్ అవుతుంది. ఎవరైనా అందులో సిమ్ వేస్తే సమాచారం మీకు, ఆ పోలీస్ స్టేషన్‌కి వెళ్తుంది. బ్లాక్ చేస్తే పోలీసులు వెతకలేరన్న భయం అక్కర్లేదు. ఆ సిమ్ ఎవరిదో తెలుసుకునేది, వెళ్ళి పట్టుకొచ్చేది పోలీసులే. ఫోన్ దొరికాక రిక్వెస్ట్ ఐడీతో అన్‌బ్లాక్ చేసుకోవాలి. ఆ ఐడీ పారేసుకోకండి. ఫోన్‌ని విప్పి డిస్‌ప్లే, బోర్డు విడివిడిగా అమ్మేస్తే, లేదా అది దేశం దాటేస్తే, ఇదీ పని చేయదు. 'ఐఎంఈఐ ట్రాకర్' అని దొరికే యాప్‌ల సంగతి ఏమిటంటారా? ఆ నంబరు మీద కదలికలు చూడగలిగేది నెట్‌వర్క్ మాత్రమే. యాప్ చేసేదేమీ లేదు.

ముందు సిమ్ బ్లాక్ చేయించాలా, ఫైండ్ హబ్ చూడాలా అని అడుగుతారు. సిమ్ ఆపిస్తే ఫోన్‌లో డేటా ఆగిపోతుంది, లొకేషన్ రావడం కష్టం. స్క్రీన్ లాక్ ఉన్న ఫోన్ అయితే ముందు పది నిమిషాలు వెతికి, మోగించి, లాక్ చేసి, అప్పుడు సిమ్ ఆపించండి. లాక్ లేని ఫోన్‌లో ఫోన్‌పే, గూగుల్‌పే ఉన్నాయంటే ఆలోచించకుండా ముందు సిమ్, బ్యాంకు ఆపించండి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

అపోహ: పోలీసులు తలుచుకుంటే ఇంటి నంబరుతో సహా చెప్తారు.

టవర్ ద్వారా తెలిసేది ప్రాంతం, ఇల్లు కాదు. పాత టూజీలో ఫోన్ దూరాన్ని టవర్ కొలిచేదే 550 మీటర్ల అంచెల్లో. ఫోర్జీలో కొలత మెరుగుపడినా, టవర్లు దట్టంగా ఉన్న నగరంలో ఒకలా, కొండమీద ఒక్క టవర్ నాలుగు లోయలకి పని చేసే మా వైపు ఇంకోలా ఉంటుంది. పైగా సరిహద్దు. కూనేరు దగ్గర నిలబడితే ఫోన్ ఒకసారి ఒడిశా టవర్, ఇంకోసారి ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది. ఆంధ్రా టవర్ చూపించిందని ఫోన్ కొమరాడ మండలంలోనే ఉందని చెప్పలేం.

ఆ వివరాలు కూడా కానిస్టేబుల్ తెలిసినవాడైతే వచ్చేవి కావు. కాల్ రికార్డులు టెలికాం కంపెనీని అడగాలంటే ఎస్పీ స్థాయి అధికారి ద్వారా వెళ్ళాలి. "నాకు తెలిసినవాళ్ళున్నారు, సీడీఆర్ (కాల్ రికార్డు) తీయిస్తాను" అని డబ్బులడిగేవాడు మిమ్మల్ని మోసమైనా చేస్తున్నాడు, నేరంలోనైనా దింపుతున్నాడు.

"మీది ఆంధ్రాలో పోయింది, అక్కడికెళ్ళండి" అనే మాట సరిహద్దులో ఉన్నవాళ్ళకి అలవాటే. దొంగతనమైతే ఆ మాట చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్ష సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా మీరున్న స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. విశాఖ రైల్లో పార్వతీపురానికి, రాయగడకి మధ్య పోయిందా? రైల్వే హెల్ప్‌లైన్ 139కి గానీ, రైల్వేవాళ్ళ ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో గానీ చెప్పండి. 2025లో ఆర్పీఎఫ్‌ని (రైల్వే రక్షణ దళాన్ని) కూడా సీఈఐఆర్‌తో కలిపారు. చుక్క ఏదో ఇంటి మీద కనిపించిందని నలుగురు కుర్రాళ్ళని వెంటేసుకుని తలుపు కొట్టకండి. ఆ స్క్రీన్‌షాట్ థానాలో చూపించండి.

అపోహ: నేను కొనిచ్చిన ఫోన్, నా ఇంటివాళ్ళ ఫోన్, ట్రాక్ చేసే హక్కు నాకుంది.

"తెలియకుండా ఏదో యాప్ వేసిపెట్టు అన్నయ్యా" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు మాకు కొత్త కాదు. భార్య ఫోన్ అంటారు, కాబోయే కోడలి ఫోన్ అంటారు. బిల్లు ఎవరి పేరున ఉన్నా, వాడే మనిషికి చెప్పకుండా అందులో గూఢచారి యాప్ వేస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆడవాళ్ళ ఫోన్, నెట్ వాడకం మీద నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78 కింద వేరే నేరం. వేసిపెట్టిన షాపువాడు కూడా ఇరుక్కుంటాడు. నేను వేయను.

చెప్పి చేసే పద్ధతులు బోలెడున్నాయి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు పెట్టుకోవచ్చు. రాత్రి బస్సులో బరంపురం వెళ్ళే పిల్ల 8 గంటలు పెడితే సరిపోతుంది. మరుపు వచ్చిన తాతగారికైతే గూగుల్ మ్యాప్స్ షేరింగ్, చిన్నపిల్లలకి గూగుల్‌వాళ్ళ ఫ్యామిలీ లింక్ యాప్. మనిషే కనిపించకపోతే మాత్రం యాప్‌లు పట్టుకుని కూర్చోకండి. 24 గంటలు ఆగాలన్న నియమం ఎక్కడా లేదు. 112కి కాల్ చేయండి, థానాకి వెళ్ళండి. అలాంటి అత్యవసరంలో టవర్ లొకేషన్ అడిగే అధికారం వాళ్ళకుంది.

అపోహ: ఐఎంఈఐ మార్పించుకుంటే గొడవే ఉండదు.

2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఐఎంఈఐ మార్చడం నేరం. మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు మెసేజ్‌లో కేవైఎం అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెలు రాసి 14422కి పంపండి. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో జవాబు వస్తే ఎంత చవకైనా వదిలేయండి. వచ్చిన మోడల్ పేరు, చేతిలో ఉన్న మోడల్ ఒకటేనా అన్నది కూడా చూడాలి. చాలామంది ఆ ముక్క చదవకుండానే డబ్బులు తీసి ఇచ్చేస్తారు.

ఐఫోన్ పోయినవాళ్ళకి ఇంకో మాట. కొన్నాళ్ళకి "మీ ఫోన్ దొరికింది, ఇక్కడ లాగిన్ అవ్వండి" అని ఆపిల్ పేరుతో లింకు రావొచ్చు. అది పంపేది ఫోన్ చేతిలో ఉన్నవాడే. మీ పాస్‌వర్డ్ లేకుండా ఫోన్‌ని ఇంకొకరు వాడుకోనివ్వని యాక్టివేషన్ లాక్ తీయడానికి ఆ పాస్‌వర్డ్ కావాలి వాడికి. లింకు నొక్కకండి, అకౌంట్‌లోంచి ఆ ఫోన్‌ని తీసేయకండి. ఆ మెసేజ్ వచ్చిన నంబరుని మాత్రం థానాలో ఇవ్వండి.