పైసలు కట్ అయితే పోయినట్టేనా? బ్యాంకు కౌంటర్ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో మా బ్రాంచిలో రద్దీ ఎక్కువ. ఈ సీజన్‌లోనే నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన ఫోన్ నా ముందు పెట్టాడు. స్క్రీన్ నిండా ఎర్రటి వేలిముద్రలు, వాటి కింద ‘పెండింగ్’ అన్న మాట. “సారూ, ఎరువుల దుకాణమాయన నంబరుకు పద్దెనిమిది వేలు కొట్టిన. నాకు కట్ అయినయ్, ఆయనకు పడలే. మళ్ల కొట్టాల్నా?”

“వద్దు పెద్దయ్యా, ఆగండి” అన్నాను.

అపోహ: అవతల పడకపోతే డబ్బు మునిగినట్టే.

వాస్తవం: మన బ్యాంకు డబ్బు తీసింది, అవతలి బ్యాంకు నుంచి ‘జమ చేశాం’ అన్న జవాబు ఇంకా రాలేదు. పెండింగ్ అంటే చాలాసార్లు ఇంతే. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, వ్యక్తికి యూపీఐలో పంపిన డబ్బు జమ కాకపోతే మరుసటి రోజులోగా దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం, మీరు అడగకపోయినా ఇవ్వాలి. వ్యాపారి ఖాతాకు చేసిన చెల్లింపు అయితే గడువు 5 రోజులు. కంగారులో రెండోసారి కొడితే మాత్రం రెండూ అవతలి ఖాతాలో పడొచ్చు.

అపోహ: డబ్బు రావాలన్నా పిన్ కొట్టాలి.

వాస్తవం: నాకు అన్నిటికంటే భయం దీంతోనే. పిన్ కొట్టామంటే డబ్బు బయటికి పొమ్మని చెప్పినట్టు. రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. హన్మకొండలో పాత ఫ్రిజ్ అమ్మబోయిన ఒక చెల్లె, కొంటానన్నవాడు పంపిన క్యూఆర్ స్కాన్ చేసి, పిన్ కొట్టి తొమ్మిది వేలు పోగొట్టుకుంది. సాయంత్రం దాకా ఇంట్లో చెప్పలేదు, మర్నాడు మా దగ్గరికి వచ్చి ఏడ్చింది. డబ్బు క్షణాల్లో వెళ్తుంది, అక్కడి నుంచి ఇంకో ఖాతాకూ క్షణాల్లోనే పోతుంది. అందుకే మోసమని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్రాంచికి తర్వాత రావచ్చు.

అపోహ: తప్పు నంబరుకు వెళ్తే బ్యాంకు వెనక్కి లాగేస్తుంది.

వాస్తవం: అవతలి వ్యక్తి ఒప్పుకోకుండా మేం ఊరికే తీయలేం. పిన్‌కు ముందు కనిపించే పేరు చదవండి.

అపోహ: యూపీఐలా క్షణాల్లో డబ్బు పంపే వ్యవస్థలో చేరమని బ్యాంకులను బలవంతపెట్టకూడదు.

వాస్తవం: దీని మీద మా స్టాఫ్‌లోనే వాదన జరుగుతుంది. మన యూపీఐ 2016లో 21 బ్యాంకులతో మొదలైంది, మిగతావి మెల్లమెల్లగా చేరాయి. బ్రెజిల్ కేంద్ర బ్యాంకు మాత్రం 2020లో మన యూపీఐ లాంటి ‘పిక్స్’ తెచ్చినప్పుడు 5 లక్షలకు మించి ఖాతాలున్న సంస్థలన్నీ చేరాల్సిందే అంది. యూరో వాడే దేశాల్లో బ్యాంకులు 10 సెకన్లలో డబ్బు పంపే సౌకర్యం ఇవ్వాలన్న నిబంధన 2025 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. దాంతోపాటే, పంపేముందు పేరు, ఖాతా సరిపోతున్నాయో లేదో చూసి చెప్పడం కూడా తప్పనిసరి చేశారు. నాకైతే బ్యాంకులన్నీ చేరాల్సిందే అనడమే సరైన పద్ధతి అనిపిస్తుంది. పంపే బ్యాంకు ఒక్కటే ఉంటే ఏం లాభం? అవతలి బ్యాంకు కూడా ఉండాలి కదా.

పెద్దాయన డబ్బు మర్నాడు పొద్దున్నే తిరిగి వచ్చింది. మెసేజ్ నాకు చూపించి, అక్కడే నిలబడి మళ్లీ పంపాడు. పిన్ కొట్టే ముందు దుకాణమాయన పేరు పైకి చదివి, “గిదేనా సారూ?” అని అడిగాడు.