తిత్లీ తర్వాత ట్యాంకర్ ఎటు వెళ్లాలి?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలాయి. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే తాగునీళ్లు రావు. అలాంటి రోజున పలాస నుంచి ఓ నీళ్ల ట్యాంకర్ బయల్దేరుతోందనుకోండి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి. ఏది ముందు, ఏది తర్వాత?

ఐదు ఊళ్లకు 120 వరసలే, కాగితం మీద తేల్చేయొచ్చు. అదే ఇరవై ఊళ్లయితే ఒక్కో వరసా చూసుకుంటూ పోతే కంప్యూటర్‌కి కూడా తెమలదు. అక్కడ అక్కరకొచ్చేది పరిణామ అల్గారిథం, అంటే జీవపరిణామాన్ని అనుకరిస్తూ జవాబు వెతికే పద్ధతి. అమెరికా శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1975లో రాసిన పుస్తకంతో ఈ ఆలోచన బాగా పేరుకెక్కింది. ముందు ఓ వంద వరసలు గుడ్డిగా రాసుకోవాలి. తక్కువ దూరం తేలినవాటిని ఉంచి జత కట్టాలి. ఒకదాంట్లోంచి 'మందస, సోంపేట' ముక్క తీసుకుని, మిగతా ఊళ్లను రెండోదాంట్లో ఉన్న క్రమంలో నింపాలి. అప్పుడప్పుడూ ఏవో రెండు ఊళ్లను తారుమారు చేయాలి, అదే మ్యుటేషన్. ఇలా తరం తర్వాత తరం వరసలు బాగుపడతాయి.

బాగుపడటంలోనే చిక్కుంది. కొన్ని తరాలకు ఆ వందా ఒకే పోలికలోకి వచ్చేస్తాయి. అప్పుడు ఫోన్: మందస రోడ్డుకి చెట్లు అడ్డంగా పడ్డాయి. ఇంకో ఫోన్: సోంపేటకు జనరేటర్ వచ్చింది, ట్యాంకర్ అక్కర్లేదు. ఇప్పుడు ఏ రెండింటిని జత కట్టినా ఇటు సగం పాతదే, అటు సగమూ పాతదే. కొత్త దారి ఎక్కణ్ణుంచి పుడుతుంది? పోనీ మొదటి నుంచి మొదలెడదామంటే, లెక్క తేలేలోపు మూడో ఫోన్ వస్తుంది.

1990లో పరిశోధకురాలు హెలెన్ కాబ్ ఒక ఉపాయం చెప్పారు: ఫలితం దెబ్బతిన్నట్టు కనబడగానే మ్యుటేషన్ జోరు పెంచాలి. బాగానే ఉంది గానీ, ఉన్న దారి మూసుకుపోకుండానే, మరోచోట ఇంకా మంచి దారి తెరుచుకుంటే? పాత ఫలితం దెబ్బతినదు కాబట్టి అల్గారిథానికి ఆ సంగతే తెలీదు. 1992లో జాన్ గ్రెఫెన్‌స్టెట్ అసలు మార్పు వచ్చిందన్న కబురు కోసం ఎదురుచూడొద్దన్నారు. ప్రతి తరంలోనూ కొన్నింటిని తీసేసి, వాటి స్థానంలో గుడ్డిగా తయారైన కొత్తవాటిని పెట్టాలి. వాటిలో చాలావరకు పనికిరానివే. ఏ మార్పూ లేని రోజున అది దండగ ఖర్చే.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1987లో గోల్డ్‌బర్గ్, స్మిత్ చేసిన ప్రయోగం. 17 వస్తువులు, ఒక సంచి; బరువు మించకుండా ఎక్కువ విలువైనవి నింపాలి. సంచి మోసే బరువు కాసేపు ఎక్కువ, కాసేపు తక్కువ. మనకున్నట్టే ప్రతి జన్యువుకూ, అంటే జవాబులోని ఒక్కో ముక్కకూ, రెండు ప్రతులు పెట్టారు, ఒకటి పైకి కనబడేది, ఒకటి అణిగి ఉండేది. బరువు మారినప్పుడు, అణిగి ఉన్న పాత జవాబు పైకి లేచింది. ఒంటి ప్రతితో నడిచే అల్గారిథం అంత త్వరగా తేరుకోలేకపోయింది. అయితే తుపానుకు ఇది పెద్దగా పనికిరాదనుకుంటాను, నిన్నటి పరిస్థితి రేపు తిరిగి రాదు కదా. వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య ఏటా ఊగే, వంశధార మీది గొట్టా బ్యారేజీ నీటి పంపకంలాంటి లెక్కకైతే సరిగ్గా అతుకుతుంది.

ఇంతకీ ట్యాంకర్ అప్పటికే సగం దారిలో ఉంటుంది. కొత్త జవాబు రెండు కిలోమీటర్లు ఆదా చేస్తుందని డ్రైవర్ని వెనక్కి తిప్పితే ఆ రెండూ అక్కడే పోతాయి. అందుకే ఈమధ్య కొందరు పరిశోధకులు ప్రతి మార్పుకీ ఉత్తమ జవాబు వెతకడం మానేసి, నాలుగైదు మార్పులు వచ్చినా ఫర్వాలేదనిపించే జవాబు కోసం చూస్తున్నారు.