కొనఊపిరితో ఉన్న హార్డ్ డిస్క్: అపోహలు - వాస్తవాలు

డిస్క్ పోతోందని తెలియగానే టెన్షన్‌లో చేసే మొదటి పనే చాలాసార్లు దాన్ని పూర్తిగా చంపేస్తుంది. పాత డిస్క్ నుంచి సిస్టమ్‌ను కొత్తదానికి మార్చే పనిలో నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ముందు చెక్‌డిస్క్‌తో (విండోస్‌లోని డిస్క్ తనిఖీ టూల్) రిపేర్ చేసి, ఆ తర్వాత కాపీ చేసుకోవాలి.

ఇది పూర్తిగా తలకిందులు. చెక్‌డిస్క్ చూసేది ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిపోయాయా లేదా అని. మీ ఫొటోలు ఉన్నాయా పోయాయా అన్నది దానికి పట్టదు. బ్యాడ్ సెక్టార్లు (డిస్క్‌లో పాడైన చిన్న చిన్న భాగాలు) వెతకమంటే డిస్క్ మొత్తం చదువుతుంది, పైగా సవరణలన్నీ అదే డిస్క్ మీద రాస్తుంది. ముందు కాపీ తీయండి. రిపేర్ ఏదైనా ఆ కాపీ మీదే.

అపోహ: స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) ‘గుడ్’ అని వస్తే డిస్క్ బాగున్నట్టే.

2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. ఫెయిలైన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో ముఖ్యమైన నాలుగు స్మార్ట్ హెచ్చరికల్లో ఒక్కటీ కనిపించలేదు. అందుకే ఆ ఒక్క పదం కాకుండా లోపలి అంకెలు చూడాలి: 5 (మార్చేసిన సెక్టార్లు), 197 (చదవలేక పెండింగ్‌లో ఉన్నవి), 198 (సరిచేయలేనివి). 197 రోజురోజుకీ పెరుగుతుంటే ఇక ఆలస్యం చేయకండి. 199 (డేటా పంపడంలో వచ్చే ఎర్రర్లు) ఒక్కటే పెరుగుతుంటే మాత్రం ముందు కేబుల్ మార్చి చూడండి, డిస్క్ తప్పు కాకపోవచ్చు.

అపోహ: సీ డ్రైవ్‌లో ఉన్నదంతా కాపీ పేస్ట్ చేస్తే సిస్టమ్ వచ్చేస్తుంది.

రాదు. బూట్ చేయించే ఫైళ్లు సాధారణంగా వేరే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉంటాయి, అది ఎక్స్‌ప్లోరర్‌లో కనబడదు.

అపోహ: ఏ క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ (డిస్క్‌ను యథాతథంగా మరో డిస్క్‌లోకి కాపీ చేసేది) అయినా ఒకటే.

ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కైతే ఒకటే. చెడిపోతున్నదానికి కాదు. మామూలు క్లోనింగ్ టూల్స్ చాలావరకు చదవలేని సెక్టార్ తగలగానే ఆగిపోతాయి, లేదా అక్కడే వేలాడుతూ డేటా చదివే హెడ్‌ను అరగదీస్తాయి. నేను వాడేది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. లినక్స్ లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిచే పెన్‌డ్రైవ్) నుంచి బూట్ చేసి నడపవచ్చు. అది ముందు తేలిగ్గా చదవగలిగినదంతా లాగేసి, మొండికేసే చోట్లను చివర్లో ప్రయత్నిస్తుంది. ఎంతవరకు వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ ఆగిపోయినా అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఆ మ్యాప్ ఫైల్‌ను చెడిన డిస్క్ మీద కాకుండా వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది సీరియల్ నంబర్ చూసి తేల్చుకున్నాకే కమాండ్ నొక్కండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద పడుతుంది.

ఇంకో మాట. మీకు కావలసింది నాలుగు ఫోల్డర్లే అయితే డిస్క్ మొత్తం క్లోన్ చేయాలన్న పట్టుదల ఎందుకు? ముందు వాటిని లాగేసుకుని, కొత్త డిస్క్‌లో విండోస్ తాజాగా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. సిస్టమ్ ఫైళ్లలో రంధ్రాలు పడిన క్లోన్ బూట్ అయినా, తర్వాత వింత ఎర్రర్లతో విసిగిస్తుంది.

అపోహ: కొత్త డిస్క్ కాస్త చిన్నదైతే, పాతదానిలో పార్టిషన్ కుదించేస్తే సరి.

కుదించడమంటే చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద డేటాను అటూ ఇటూ జరపడం. అంత సాహసం వద్దు. సెక్టార్ల వారీ కాపీకి కొత్తది పాతదానితో సమానంగానో, పెద్దగానో ఉండాలి. 500 జీబీ డిస్క్‌ను 480 జీబీ ఎస్ఎస్‌డీలోకి నేరుగా దించలేరు.

అపోహ: క్లోన్ అయ్యాక రెండూ బిగించి ఉంచినా ఫర్వాలేదు.

రెండింటికీ ఒకే గుర్తింపు ఉంటుంది కాబట్టి విండోస్ తికమకపడి ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేయవచ్చు. పాతది తీసేసి మొదటి బూట్ చేయండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీని పని మొదలుపెట్టే ముందే చేతిలో ఉంచుకోండి.

అపోహ: ఫ్రీజర్‌లో పెడితే డిస్క్ లేస్తుంది.

బయటికి తీయగానే లోపల తేమ చేరుతుంది. హెడ్ కదిలేది ప్లాటర్‌కు (డేటా ఉండే, గిర్రున తిరిగే పళ్లెం) కొన్ని నానోమీటర్ల ఎత్తులో. అంతకంటే చెప్పనక్కర్లేదు. టక్ టక్ అని చప్పుడు మొదలైతే ఏ సాఫ్ట్‌వేర్ జోలికీ వెళ్లకుండా పవర్ తీసేయండి. ఆ డేటా నిజంగా అవసరమైతే క్లీన్ రూమ్ (దుమ్ములేని గది) ఉన్న ల్యాబ్‌కే ఇవ్వాలి.