కిడ్నీ దెబ్బతిన్న మైలోమాలో స్కాన్ మాట ఎందుకు వినాల్సి వస్తోంది

మల్టిపుల్ మైలోమా రక్త క్యాన్సరే అయినా, చాలామందిలో మొదట బయటపడేది నడుంనొప్పిగానో, రక్తంలో పెరిగిన క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం)గానో. ఇలా కిడ్నీలు దెబ్బతిన్నవారిలో జబ్బు ఎటు పోతుందో పెట్ సీటీ (చురుగ్గా ఉన్న క్యాన్సర్ కణాలను వెలిగించి చూపే స్కాన్), ఎంఆర్ఐ చూసి ముందే చెప్పగలమా అన్నది ఇప్పుడు పరిశోధకుల ముందున్న ప్రశ్న.

ఎముకకూ కిడ్నీకీ ఉన్న ఈ లంకె పాతదే. 1845లో లండన్‌లో ఎముకల నొప్పితో మంచం పట్టిన ఒక వ్యాపారి మూత్రాన్ని, ఆయనకు వైద్యం చేస్తున్నవారు హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్యుడికి పరీక్షకు పంపారు. అందులో జోన్స్ చూసిన వింత ప్రోటీన్ మైలోమా కణాలు అతిగా తయారుచేసే యాంటీబాడీల ముక్కే (లైట్ చెయిన్) అని తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆ ముక్కలే కిడ్నీలోని సన్నని నాళాల్లో పేరుకుని వాటిని మూసేస్తాయి.

1975లో డ్యూరీ, సాల్మన్ అనే వైద్యులు మైలోమాకు స్టేజీలు నిర్ణయించినప్పుడు ఎక్స్‌రేకీ చోటిచ్చారు, క్రియాటినిన్ డెసిలీటరుకు 2 మి.గ్రా.కు చేరినవారిని ‘బి’ వర్గంలో పెట్టారు. కానీ ఎముకలో ఖనిజం 30 శాతమైనా కరిగితే తప్ప ఎక్స్‌రేలో మచ్చ కనపడదు. 2005లో వచ్చిన అంతర్జాతీయ స్టేజింగ్ పద్ధతి ఎక్స్‌రే, స్కాన్‌లను పూర్తిగా పక్కనపెట్టి, రక్తంలోని బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, ఆల్బుమిన్ అనే రెండు ప్రోటీన్లతో సరిపెట్టింది. చవక, సులువు. చిక్కల్లా ఇక్కడే ఉంది. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్‌ను ఒంట్లోంచి తీసేసేది కిడ్నీలే. అవి మొరాయిస్తే క్యాన్సర్ పెరగకపోయినా ఆ అంకె పెరుగుతుంది. లీటరుకు 5.5 మి.గ్రా. దాటిందంటే మూడో స్టేజీ! అది కణితి బరువా, కిడ్నీ నీరసమా అన్నది రిపోర్టు చూసి చెప్పలేం. రక్తంలో రెండు రకాల లైట్ చెయిన్ల మధ్య చూసే నిష్పత్తికీ ఇదే తంటా. కిడ్నీ జబ్బున్నవారికి దాని మామూలు గరిష్ఠ పరిమితినే 1.65 నుంచి 3.1కి పెంచాల్సి వచ్చింది.

మరి స్కాన్లకు ఎందుకు వెళ్లలేదు? డై (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) భయం. మైలోమా రోగులకు డై ఎక్కించి ఎక్స్‌రే తీస్తే మూత్రం ఆగిపోయిన ఉదంతాలు 1950లలోనే వచ్చాయి. ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే అంత ప్రమాదం లేదని తర్వాత తేలినా బెరుకు పోలేదు. 2006లో ఎంఆర్ఐలో డైగా వాడే గాడోలినియం మీదా అనుమానం పడింది. కిడ్నీలు బాగా పాడైనవారిలో అది చర్మాన్ని బిరుసెక్కించే జబ్బు తెస్తోందని తెలిసింది.

డై అక్కర్లేని పద్ధతులు రావడంతో దారి తెరుచుకుంది. తక్కువ రేడియేషన్ సీటీ, కణజాలంలో నీటి కదలికను పట్టే డిఫ్యూజన్ ఎంఆర్ఐ, గ్లూకోజ్‌ను పోలిన మందుతో చేసే పెట్ అలాంటివి. 2011లో ఇటలీ బొలోన్యా బృందం పెట్‌లో మూడుకు మించి మచ్చలున్నా, ఎముక బయట జబ్బు కనిపించినా ఫలితాలు బాగుండవని చూపింది. 2017లో ఫ్రాన్స్ అధ్యయనం, మెయింటెనెన్స్ మందులకు (ప్రధాన చికిత్స తర్వాత జబ్బును అదుపులో ఉంచడానికి ఇచ్చేవి) ముందే పెట్ మామూలుగా మారినవారిలో జబ్బు తిరగబెట్టడం ఆలస్యమవుతుందని తేల్చింది. అయితే పదిమందిలో ఒకరి మైలోమా కణాలు గ్లూకోజ్‌ను సరిగా పట్టుకోవు, వాళ్లలో పెట్ మోసపోతుంది.

ఇలాంటి ఆధారాల్లో ఎక్కువ భాగం మూలకణ మార్పిడికి తగినవారి నుంచి వచ్చిందే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిని ఆ ట్రయల్స్‌లో సాధారణంగా చేర్చుకోరు. రక్తపు అంకెలు ఎవరి విషయంలో తడబడుతున్నాయో, స్కాన్ లెక్క కూడా వాళ్ల మీద సరిగా పరీక్షించలేదన్నమాట. ఇప్పటి అధ్యయనాలు పూరించాలని చూస్తున్నది ఆ ఖాళీనే.