బాయిలర్ మీద రాసిన 3000 వాట్లు మీ ఇంట్లో ఎన్ని?

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "బీరు కాచే కొత్త ఎలక్ట్రిక్ బాయిలర్‌లో ముందుగా 30 లీటర్ల మంచినీళ్లు పోసి చూశాం. 3000 వాట్లని రాసి ఉంది. లెక్క ప్రకారం 50 నిమిషాల్లో మసలాలి. గంటా పది నిమిషాలు పట్టింది. బాయిలర్ ఖరాబైందా?"

బాయిలర్‌ను అనుమానించే ముందు సాకెట్‌లో వోల్టేజ్ చూడండి. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. తెలంగాణలో లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. నీళ్లతో చేసే ఈ పరీక్షకు ఆ చిక్కు లేదు. లైసెన్సు ఉన్నవాళ్లకైనా మొదటి పని ఇదే.

30 లీటర్ల నీళ్లు 28 డిగ్రీల నుంచి 99కి చేరడానికి దాదాపు 8,900 కిలోజౌళ్ల వేడి కావాలి. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 260 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 99 దగ్గరే మసులుతాయి. థర్మామీటర్ 100 చూపలేదని దాన్ని తప్పుపట్టకండి. 3000 వాట్లు పూర్తిగా అందితే పట్టేది 50 నిమిషాలు, పాత్ర గోడల నుంచి పోయే వేడి కలిపితే 53.

కానీ ఆ 3000 వాట్లు 230 వోల్టుల దగ్గర మాత్రమే. ఎలిమెంటు నిరోధం 17.6 ఓములు, అది పెద్దగా మారదు. మారేది వోల్టేజ్. వాట్లు వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటాయి, అంటే వోల్టేజ్‌ను వోల్టేజ్‌తోనే గుణించి నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయి. ఇంటర్‌లో అందరూ బట్టీపట్టే సూత్రమే ఇది. ప్లగ్గులో మల్టీమీటరు పెట్టి చూపిస్తే పిల్లలు మళ్లీ మరిచిపోరు. యాసంగిలో పొలం మోటార్లన్నీ నడిచే వేళ ఊళ్లో 200 వోల్టులే వస్తున్నాయనుకుందాం. అందేది 2270 వాట్లు, పట్టేది గంటా పదకొండు నిమిషాలు. 180 వోల్టులకు పడిపోతే 1840 వాట్లు, గంటన్నర. "ఈ బాయిలర్ మాకు అచ్చిరాలేదు" అని మూలకు పెట్టేసే మిషన్లలో చాలావాటి జాతకం ఈ సూత్రంలోనే ఉంటుంది.

అసలు నష్టం మసలడం మొదలయ్యాక తెలుస్తుంది. మసిలే పాత్ర గోడల నుంచి గదిలోకి పోయే వేడి, ఈ సైజుకు, సుమారు 400 వాట్లు. వోల్టేజ్ ఎంతున్నా ఆ ఖర్చు తగ్గదు. ఆవిరి అయ్యేది మిగిలినదానితోనే. కిలో నీళ్లు ఆవిరి కావాలంటే 2257 కిలోజౌళ్లు కావాలి. 230 వోల్టుల దగ్గర గంటకు 4.1 లీటర్లు ఆవిరవుతాయి. 200 దగ్గర 3 లీటర్లు, 180 దగ్గర 2.3. అంటే వోల్టేజ్ 22 శాతం పడితే ఆవిరి 45 శాతం పడింది. వర్గం ఒక దెబ్బ, గోడల ఖర్చు ఇంకో దెబ్బ.

బీరుకు దీనితో పనేమిటి? మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రసం 30 లీటర్లు 1.044 సాంద్రతతో (నీటిది 1 అనుకుంటే) మొదలైతే, గంట మసిలాక 1.051 రావాల్సింది 180 వోల్టుల దగ్గర 1.048తోనే ఆగుతుంది. పలుచని రసం, తక్కువ ఆల్కహాలు. పైగా లేత రంగు మాల్టులోని ఒక పదార్థం వేడికి విడిపోయి డైమిథైల్ సల్ఫైడ్ అవుతుంది. అది ఆవిరితో పాటు బయటికి పోవాలి. పోకపోతే బీరులో ఉడకబెట్టిన మక్కకంకి వాసన ఉండిపోతుంది. త్వరగా మసలాలని చివరిదాకా మూత పెట్టి ఉంచితే, మూతకు పట్టిన నీరు ఆ వాసనతో సహా తిరిగి రసంలోకే కారుతుంది. మసలేదాకా మూత పెట్టండి, మసిలాక తీసేయండి.

పరీక్ష ఇలా చేయండి. కొలిచిన నీళ్లు పోయండి. బాయిలర్ నడుస్తుండగానే సాకెట్ దగ్గర వోల్టేజ్ చూడండి, ఆపి చూస్తే లాభం లేదు. 13 ఆంపియర్లు లాగే మిషన్ ఇది, 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్త్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వేస్తే 6 వోల్టులు వైరులోనే పోతాయి, 80 వాట్లు వైరును వేడి చేస్తాయి. 2.5 వైరు వాడండి, చుట్ట విప్పి పరచండి. ఫ్రిజ్ స్టెబిలైజరుకు దీన్ని తగిలిస్తే స్టెబిలైజరే కాలిపోతుంది.

గంట మసిలాక చల్లారనిచ్చి కొలవండి. మసిలే నీళ్లు చల్లని నీళ్ల కంటే 4 శాతం ఎక్కువ చోటు తీసుకుంటాయి. 26 లీటర్లు మిగిలినా వేడిమీద 27 కనిపిస్తాయి, 4 లీటర్లు ఆవిరైతే 3 అయినట్టు రాసుకుంటారు.

వోల్టేజ్ తక్కువని తేలితే 30కి బదులు 22 లీటర్లే కాచండి, మోటార్లు ఆగిన వేళ చూసుకోండి, పాత్ర చుట్టూ వేడికి తట్టుకునే ఇన్సులేషన్ చుట్టండి. ఆ 400 వాట్లలో ఎంత తగ్గిస్తే అంత ఆవిరికి చేరుతుంది.

అమెరికా నుంచి చుట్టాలు 120 వోల్టుల బాయిలర్ తెస్తే మాత్రం ఇక్కడి సాకెట్‌లో నేరుగా పెట్టకండి. అదే వర్గం అప్పుడు ఎదురు తిరుగుతుంది: 1500 వాట్ల ఎలిమెంటు 230 వోల్టుల దగ్గర 5500 వాట్లు లాగబోతుంది. ఫ్యూజు ముందు పోకపోతే ఎలిమెంటు పోతుంది.