గ్లూటా డ్రిప్పులు, మెడ నలుపు, మంగు మచ్చలు: చర్మం, లివర్ గురించి అపోహలు – వాస్తవాలు

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ చర్మవ్యాధుల ఓపీలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది: "గ్లూటా ఎక్కించుకుంటే రంగు రావడమే కాకుండా లివర్ కూడా క్లీన్ అవుతుందట కదా, డాక్టర్ గారూ?" గ్లూటా అంటే గ్లూటాథయోన్, తెల్లబడటానికని డ్రిప్‌లో ఎక్కించే మందు. ఆ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి పంపేయడం నాకు ఇష్టం ఉండదు. చర్మానికీ కాలేయానికీ నిజంగానే సంబంధం ఉంది. అయితే ప్యాకేజీలు అమ్మేవాళ్లు చూపిస్తున్న చోట అది లేదు, జనం అంతగా పట్టించుకోని చోట ఉంది. నేను రోజూ వినే అపోహలు తీసుకుని, పరిశోధనల్లో తేలిందేమిటో చెబుతాను.

అపోహ: గ్లూటాథయోన్ లివర్ మందే కాబట్టి, తెల్లబడటానికి ఎక్కించుకున్నా లివర్‌కి మేలే.

ఇందులో కొంత నిజం ఉంది, అందుకే తేలిగ్గా నమ్మేస్తారు. గ్లూటాథయోన్ మన ఒంట్లో తయారయ్యే పదార్థమే, కాలేయంలో ఎక్కువగా ఉంటుంది. పారాసిటమాల్ మోతాదు బాగా మించిపోతే దాని నుంచి పుట్టే విషాన్ని విరిచేది ఇదే. ఈ నిల్వ అయిపోతే కాలేయ కణాలు చచ్చిపోతాయి. అందుకే అలాంటివాళ్లకు ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇస్తాం. దాని సాయంతో కాలేయం మళ్లీ గ్లూటాథయోన్ తయారుచేసుకుంటుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు రోజుకు 300 మి.గ్రా. చొప్పున 4 నెలలు నోటి ద్వారా ఇచ్చి చూసిన ఒక జపాన్ అధ్యయనం 2017లో వచ్చింది. ఏఎల్‌టీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) తగ్గింది. కానీ అది కొద్దిమందితో చేసిన తొలి ప్రయత్నం, పోల్చి చూడటానికి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) గ్రూపు కూడా లేదు. దాన్ని పట్టుకుని "లివర్ డీటాక్స్" అని బోర్డు పెట్టడం న్యాయం కాదు.

ఇక రంగు సంగతి. ల్యాబ్‌లో గ్లూటాథయోన్, చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారు చేసే టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, ముదురు రంగు మెలనిన్ బదులు లేత రంగుది తయారయ్యేలా చేస్తుంది. ఇంతవరకు నిజమే. మనుషుల మీదికి వచ్చేసరికి ఫలితం చిన్నబోతుంది. థాయ్‌లాండ్‌లో 60 మంది వైద్య విద్యార్థులకు, సగం మందికి గ్లూటాథయోన్, మిగతా సగానికి ప్లాసిబో 4 వారాలు ఇచ్చారు. 2012లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, కొలిచిన 6 చోట్లలో 2 చోట్ల మాత్రమే ప్లాసిబో కంటే చెప్పుకోదగ్గ తేడా కనిపించింది. రక్తంలోకి నేరుగా ఎక్కించినా అది ఎక్కువసేపు ఉండదు, దాని స్థాయి నిమిషాల్లోనే వేగంగా పడిపోతుంది.

ఇంజెక్షన్ల మీద జరిగిన అధ్యయనాలు చాలా తక్కువ. వాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది 2016లో పాకిస్తాన్ నుంచి వచ్చింది. 50 మంది మహిళల్లో సగం మందికి 1200 మి.గ్రా. చొప్పున వారానికి 2 సార్లు, 6 వారాలు ఎక్కించారు. వాళ్లలో 8 మందికి లివర్ పరీక్షలు తేడా వచ్చాయి, ఒకరు అనాఫిలాక్సిస్‌తో (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ) షాక్‌లోకి వెళ్లారు. వచ్చిన కాస్త తెలుపు కూడా చాలామందిలో నిలవలేదు. ఇది చిన్న అధ్యయనం. దీన్ని బట్టి గ్లూటా తీసుకున్న ప్రతి ముగ్గురిలో ఒకరికి లివర్ దెబ్బతింటుందని నేను అనను. కానీ "లివర్‌కి మంచిది" అని అమ్ముతున్న ఇంజెక్షన్‌తోనే లివర్ పరీక్షలు తేడా వచ్చాయంటే, ఆ సంగతి డబ్బు కట్టే ముందే మీకు తెలియాలి కదా. రంగు కోసం ఇచ్చే ఏ ఇంజెక్షన్‌కూ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు. ఫిలిప్పీన్స్‌లో ఈ ఇంజెక్షన్లు విపరీతంగా వాడటంతో అక్కడి ఎఫ్‌డీఏ 2011లో, మళ్లీ 2019లో హెచ్చరికలు జారీ చేసింది.

అపోహ: మెడ నల్లబడటం మురికి వల్ల. బాగా రుద్దితే, లేదా ఒక పీల్ (రసాయనం పూసి పై చర్మం ఊడేలా చేసే చికిత్స) చేయిస్తే పోతుంది.

శనగపిండి, నిమ్మచెక్క, పీచు, చివరికి గిన్నెలు తోమే స్క్రబ్బర్‌తో కూడా రుద్దుకుని చర్మం చెక్కుకుపోయి వచ్చిన పిల్లల్ని చూశాను. "ఎంత చెప్పినా మెడ సరిగ్గా కడుక్కోదండీ" అని తల్లి అంటుంటే ఆ అమ్మాయి తల దించుకుని కూర్చుంటుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు.

మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో చర్మం మందంగా, మెత్తటి మఖమల్ గుడ్డలా, నల్లగా మారడాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటాం. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయకపోతే, సరిపెట్టడానికి శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మ కణాల మీద పని చేసి వాటిని పెరిగేలా చేస్తుంది. చర్మం మందమై నల్లగా కనిపిస్తుంది. పక్కనే చిన్న చిన్న పులిపిర్లు కూడా తరచుగా ఉంటాయి. ఇదే ఇన్సులిన్ రెసిస్టెన్స్ కాలేయంలో కొవ్వు పేరుకోవడానికి కూడా ప్రధాన కారణం. 2023లో ఫ్యాటీ లివర్ జబ్బుకు వైద్య సంఘాలు మెటబాలిక్ అనే మాట కలిపి పేరు మార్చాయి. షుగర్, బీపీ, నడుము చుట్టూ కొవ్వు, వీటన్నింటితో కలిపి చూడాల్సిన జబ్బు కాబట్టే ఆ మార్పు.

అందుకే నల్లటి మెడతో వచ్చినవాళ్లకు క్రీమ్ రాసిచ్చే ముందు నేను టేప్ తీసి నడుము కొలుస్తాను. మన దక్షిణాసియా వాళ్లకు మగవాళ్లలో 90 సెం.మీ., ఆడవాళ్లలో 80 సెం.మీ. దాటితే జాగ్రత్త పడాలి. షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు రాస్తాను. ఆడపిల్లలైతే నెలసరి గురించి అడుగుతాను, ఎందుకంటే హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే పీసీఓఎస్‌లో కూడా ఇదే కనిపిస్తుంది. "రంగు కోసం వస్తే ఇన్ని పరీక్షలా?" అని కొందరు చిరాకు పడతారు, అర్థం చేసుకోగలను. కానీ బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు, వాపు తగ్గుతాయి, మెడ నలుపు కూడా మెల్లగా పలచబడుతుంది. ఏ పీల్‌కూ ఆ శక్తి లేదు. నా ఫీల్డ్‌లో ఒకే ఒక్క విషయం అందరికీ చేరాలని కోరుకోమంటే ఇదే కోరుకుంటాను.

అపోహ: మొహం మీద మంగు వచ్చిందంటే లివర్ పాడైనట్టే.

కాదు. మంగు మచ్చలకు ఎండ, గర్భం, హార్మోన్ మాత్రలు, వంశపారంపర్యం కారణాలు. మంగు ఒక్కటే ఉంటే లివర్ టానిక్కులు తాగాల్సిన పని లేదు. సన్‌స్క్రీన్ మీద పెట్టే ఖర్చే నయం. కాలేయ జబ్బును చూపించే గుర్తులు వేరు: కళ్లు పచ్చబడటం, దద్దుర్లు లేకుండానే ఒళ్లంతా దురద, అరచేతులు ఎర్రబారడం, ఛాతీ మీద సాలీడు కాళ్లలా సన్నటి ఎర్రటి రక్తనాళాలు.

అపోహ: మొటిమల మాత్ర ఐసోట్రెటినాయిన్ లివర్‌ని తినేస్తుంది.

భయం ఇక్కడ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. కొందరిలో లివర్ ఎంజైములు కాస్త పెరుగుతాయి, చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. తీవ్రంగా దెబ్బతినడం చాలా అరుదు. మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత మధ్యలో పరీక్ష చేయిస్తే చాలామందికి సరిపోతుంది. అసలు టెన్షన్ పడాల్సింది గర్భం విషయంలో. ఈ మాత్ర కడుపులోని బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు కలిగిస్తుంది. మాత్ర ఆపాక కూడా కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్లి పెట్టుకున్న అమ్మాయిలు ఈ సంగతి డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడాలి, స్నేహితురాలి స్ట్రిప్ తీసుకుని మింగకూడదు.

విటమిన్-ఎ రకమైన రెటినాల్ క్రీమ్ గురించి కూడా ఇలాగే అడుగుతారు. పైపూతగా వాడితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ, లివర్‌కు ఇబ్బంది లేదు. విటమిన్-ఎ మాత్రలు మాత్రం నెలల తరబడి అతిగా మింగితే కాలేయంలో పేరుకుని హాని చేస్తాయి.

అపోహ: ఆకు మందులకు సైడ్ ఎఫెక్టులు ఉండవు.

కరోనా సమయంలో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు 2022లో ప్రచురితమయ్యాయి. దేశంలోని 13 కేంద్రాల వైద్యులు, వాళ్లలో హైదరాబాద్ వాళ్లు కూడా, కలిసి చేసిన అధ్యయనం అది. కొందరిలో సొంత రోగనిరోధక వ్యవస్థే కాలేయంపై దాడి చేసే జబ్బు లక్షణాలు బయటపడ్డాయి. చర్మం కాంతి కోసమని ఇదే తిప్పతీగ రసం తాగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బొల్లికి వాడే బావంచాలు లోపలికి తీసుకున్నా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. బొల్లి ఉన్న ఒక మహిళకు జర్మనీలో ఇలా జరిగిన వివరాలు 2009లో వచ్చాయి. కూరలో వేసే పసుపుకు, మిరియాల సారంతో కలిపి గాఢంగా చేసిన పసుపు క్యాప్సూల్స్‌కు కూడా చాలా తేడా ఉంది. రెండోదానితో లివర్ జబ్బులు అమెరికాలో నమోదయ్యాయి.

అపోహ: మైక్రోనీడ్లింగ్, పీఆర్‌పీ అన్నీ పైపైన చేసేవే, ఎక్కడ చేయించుకున్నా ఒకటే.

మైక్రోనీడ్లింగ్ అంటే సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చడం, పీఆర్‌పీ అంటే మీ రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని చర్మంలోకి ఇవ్వడం. సూది రక్తాన్ని తాకితే అది పైపైన చేసే పని ఎలా అవుతుంది? అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్స్ లేని ఒక స్పాలో పీఆర్‌పీ ఫేషియల్ చేయించుకున్నవాళ్లలో కొందరికి హెచ్‌ఐవీ సోకింది. అక్కడ పేరు రాయని రక్తపు ట్యూబులు వంటగది ఫ్రిజ్‌లో తిండి పక్కన దొరికాయి. ఆ దర్యాప్తు వివరాలను అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో ప్రచురించింది. ఆ స్పాకు వెళ్లినవాళ్లందరినీ హెపటైటిస్-బి, సి పరీక్షలు కూడా చేయించుకోమన్నారు. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. మీ కళ్ల ముందే కొత్త సూది కవర్ విప్పమని అడగండి, మొహమాటపడొద్దు. హెపటైటిస్-బి టీకా వేయించుకోండి. సి-కి టీకా లేదు గానీ, 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది.

లేజర్‌కు ముందు రాసే మత్తు క్రీమ్‌ను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అందులోని లిడోకెయిన్‌ను విరిచి బయటికి పంపేది కాలేయమే. కాళ్లంతా క్రీమ్ పూసి, పైన ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు అమెరికాలో చనిపోవడంతో 2007లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. గాఢమైన ఫినాల్ పీల్ కూడా వాళ్లకు చేయకూడదు.

అపోహ: ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు రక్తపరీక్ష) నార్మల్ వచ్చింది కాబట్టి లివర్ బాగానే ఉంది, ఏ ట్రీట్‌మెంట్ అయినా చేయించుకోవచ్చు.

ఫ్యాటీ లివర్ ఉన్న చాలామందిలో ఏఎల్‌టీ నార్మల్‌గానే ఉంటుంది. వయసు, ఏఎస్‌టీ (ఏఎల్‌టీ లాంటిదే మరో ఎంజైమ్), ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల సంఖ్య కలిపి లెక్కకట్టే ఫిబ్-4 స్కోరు, అవసరమైతే ఫైబ్రోస్కాన్ (కాలేయం గట్టిదనాన్ని కొలిచే స్కాన్) చూస్తేనే కాలేయం ఎంత గట్టిపడిందో అంచనాకు వస్తాం. షుగర్ ఉన్నా, మెడ నల్లబడి ఉన్నా, మద్యం అలవాటున్నా రిపోర్టు నార్మల్ అని ఊరుకోకుండా ఆ సంగతి ముందే చెప్పండి.

ఏ మందు లేదా డ్రిప్ తీసుకున్నాకైనా మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, అన్నం సయించకపోయినా, వాంతులు, దురద, కళ్లు పచ్చబడటం లాంటివి కనిపించినా వెంటనే ఆపేసి ఆస్పత్రికి వెళ్లండి. పసరు పోయించుకుంటూ రోజులు గడపకండి. వాడిన డబ్బాలు, స్ట్రిప్పులు, ఇంజెక్షన్ వయల్ ఫొటో ఏది ఉంటే అది పట్టుకెళ్లండి. దేనివల్ల జరిగిందో తేల్చడానికి డాక్టర్లకు అన్నింటికంటే ముందు కావాల్సింది అదే.