72 గంటల సెక్షన్ వెనుక కథ

మానసిక రోగికి అత్యవసరంగా 72 గంటల దాకా వైద్యం చేయడానికి ఇప్పటి చట్టంలో ఒక సెక్షన్ ఉంది. దాని వెనుక కథ ఇది. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం ప్రకారం, ఇష్టపడని మానసిక రోగిని ఆసుపత్రిలో చేర్చాలంటే సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. వైద్యం కన్నా నిర్బంధమే ఆ చట్టానికి ముఖ్యం. 1993లో అమల్లోకి వచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టం బంధువులకు కొంత దారి ఇచ్చింది. ఇద్దరు డాక్టర్ల ధ్రువపత్రాలుంటే 90 రోజుల దాకా చేర్చవచ్చు. అయితే అర్ధరాత్రి ప్రాణం తీసుకోబోతున్న మనిషిని పట్టుకుని కూర్చున్న తల్లి ఇద్దరు డాక్టర్లను ఎక్కడ వెతుకుతుంది?

ఆసుపత్రికి చేరలేని కుటుంబాలు గుళ్లనూ దర్గాలనూ ఆశ్రయించాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయం తగలబడి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండడంతో చాలామంది కదల్లేకపోయారు. సుప్రీంకోర్టు తనంతట తాను విచారణ చేపట్టింది. 2007లో వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ ఆమోదించాక పాత చట్టాన్ని మార్చక తప్పలేదు.

అలా వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. అత్యవసర వైద్యానికి 94వ సెక్షన్ పెట్టింది. ప్రాణాపాయం, తనకో ఇతరులకో తీవ్రమైన హాని, ఆస్తికి భారీ నష్టం తప్పేలా లేనప్పుడు రిజిస్టరైన ఏ డాక్టరైనా, ఎక్కడైనా, రోగి ఇంట్లోనైనా సరే, చికిత్స మొదలుపెట్టవచ్చు. రోగి తరఫున నిర్ణయాలు తీసుకునే నామినీ అందుబాటులో ఉంటే ఆ వ్యక్తి సమ్మతి తీసుకోవాలి. గడువు 72 గంటలు, ఈశాన్య రాష్ట్రాల్లో 120. ఈ నిబంధన కింద కరెంటు షాక్ చికిత్స మాత్రం ఇవ్వకూడదు.

చట్టం రాతలోనూ చిక్కుంది. తనకు ఎలాంటి చికిత్స కావాలో, వద్దో రోగి ముందుగా రాసిపెట్టుకున్న నిర్దేశాలు అత్యవసర వైద్యానికి వర్తించవని 9వ సెక్షన్ చెబుతూ, 94కు బదులు 103ను పేర్కొంది. 103 ఖైదీలకు సంబంధించినది! నిమిషాల్లో నిర్ణయం తీసుకోవలసిన డాక్టరుకు ఇలాంటి పొరపాటు చిన్నది కాదు.

అంతకన్నా పెద్ద కష్టం క్షేత్రంలో ఉంది. రోగిని మానసిక వైద్యశాలకు తరలించడం కూడా అత్యవసర చికిత్సలో భాగమేనని 94వ సెక్షన్ స్పష్టంగా అంటోంది. వాహనం ఎవరిది, వెంట ఎవరు వెళ్లాలి, మత్తు ఇంజెక్షన్ ఎవరు చేయాలి అన్నవి అందులో లేవు. పోలీసులు తీసుకువస్తే 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో ఉంచకూడదు. ఇంట్లో ఉన్న రోగి సంగతి వచ్చేసరికి ఆ బరువు మళ్లీ కుటుంబం మీదే పడుతోంది. ఎర్రగడ్డకో విశాఖకో దూరంగా ఉన్న మండలంలో మొదట చూసేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరే. అధికారం చట్టం ఆయనకు ఎప్పుడో ఇచ్చింది. ఉద్రేకంలో ఉన్న రోగిని శాంతపరిచే శిక్షణ, మందులు, రాత్రిపూట ఫోనులో సలహా ఇచ్చే సైకియాట్రిస్టు కూడా ఆయనకు కావాలి. వాటిని సమకూర్చవలసింది రాష్ట్ర ప్రభుత్వాలే.